ఉప్పులో చేదు

ఐదో పేపరు దగ్గర ఎలిశబెతు ఎర్ర పెన్ను ఆగింది.

అదే మాట కాసేపటి క్రితం ఎక్కడో చదివినట్టు గుర్తు. దిద్దేసిన పేపర్ల కట్ట మళ్ళీ ముందుకు లాక్కుంది. స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి తగలడం లేదు. ఫిబ్రవరి నెల దాటకముందే ముత్తుకూరు వైపు ఎండ ముదిరిపోయింది. కిటికీలోంచి చూస్తే దూరంగా థర్మల్ కేంద్రం పొగగొట్టాలు ఎండకు వణుకుతున్నట్టు కనిపిస్తున్నాయి.

అవి తొమ్మిదో తరగతి పిల్లలు రాసిన సైన్సు ప్రతిభా పరీక్ష పేపర్లు. నెల్లూరులో ఒక ట్రస్టు ఏటా తీరం వెంబడి బళ్ళలోంచి పిల్లల్ని ఎంచుకుని, పదో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా తమ హాస్టల్లో పెట్టి చదివిస్తుంది. మొదటి వడపోత బళ్ళోనే జరగాలి. ప్రశ్నలు ఇచ్చింది ఎలిశబెతే, జవాబుల కీ రాసిందీ ఆమే, దిద్దుతున్నదీ ఆమే. పంతొమ్మిదేళ్ళుగా భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్న మనిషి. ఆమె కీని మళ్ళీ చూడాలన్న ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

మూడో ప్రశ్న అన్నిటికన్నా తేలికని పెట్టింది. రాగి తీగ, గాలి, చక్కెర, సముద్రపు ఉప్పు, గంధకం, ఇత్తడి. వీటిలో మూలకాలేవి, సమ్మేళనాలేవి, మిశ్రమాలేవి? ఒక్కోదానికి కారణం రాయండి.

ఐదో పేపర్లో ఇలా ఉంది: "సముద్రపు ఉప్పు మిశ్రమం. ఎందుకంటే ఉప్పులో చేదు కలిసి ఉంటుంది."

రెండో పేపరు తీసింది. "ఉప్పు మిశ్రమం. అందులో చేదు కూడా ఉంటుంది." ఇంకా దిద్దని కట్టలో వేళ్ళు చకచకా కదిలాయి. మరో మూడు దొరికాయి. ఒకదాంట్లో "చేదు నీళ్ళు" అని ఉంది, ఇంకోదాంట్లో "చేదు పదార్థం" అని. మొత్తం ఐదు. పేర్లు చూసింది. కెజియా, హెబ్రోను, మిగతా ముగ్గురు. ఐదుగురూ కొటారుపాలెం పిల్లలే. ఒకే దారిన నడిచొచ్చి, ఒకే దారిన తిరిగిపోయే పిల్లలు.

ఒప్పు అందరిదీ ఒకేలా ఉంటుంది. తప్పు మాత్రం ఎవరి తప్పు వాళ్ళదే. ఐదుగురి తప్పు ఒకేలా ఉందంటే ఒకరి పేపరు ఇంకొకరు చూశారనే అర్థం. ఇన్నేళ్ళలో ఈ లెక్కతో ఆమె ఎంతోమందిని పట్టుకుంది. ఎప్పుడూ తప్పిపోలేదు.

"భానూ, ఆ రోజు గదిలో నువ్వే కదా ఉన్నది?"

ఎదురుగా కూర్చుని లెక్కల నోటుబుక్కులు దిద్దుతున్న భానుప్రియ తలెత్తింది. నిరుడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి.

"నేనే మేడం. ఏమైంది?"

ఎలిశబెతు ఐదు పేపర్లూ వరసగా పరిచింది. భానుప్రియ ఒక్కొక్కటి చదివి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"నేను గదిలోనే నిలబడి ఉన్నా మేడం. ఒక్కరు కూడా తల తిప్పలా. కెజియా మొదటి బల్ల, హెబ్రోను చివరి బల్ల."

"మరి ఈ చేదు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఎలిశబెతు పేపర్లు దొంతి పెట్టుకుని హెడ్మాస్టరు గదికి నడిచింది.

జీవానందం గారు పేపర్లను ఎక్కువసేపు చూడలేదు. "శుక్రవారం ట్రస్టు నుంచి సుశీల్ కుమార్ గారు వస్తున్నారు" అన్నారు. "ఆయన పట్టుకుంటే మన బడి పేరే కొట్టేస్తారు. మనమే పట్టుకున్నామంటే పరువు దక్కుతుంది. తల్లిదండ్రుల్ని పిలిపించండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఐదుగురి దగ్గరా సంతకాలు తీసుకుందాం." ఆయన కొంచెం ఆగి, "ఆ భానుప్రియ సెల్ చూసుకుంటా కూర్చునుంటుంది" అని కూడా అన్నారు.

ఎలిశబెతు తల్లిదండ్రులకు చీటీలు రాయడానికి వెళ్ళింది.

*

బుధవారం పదకొండింటికి హెడ్మాస్టరు గదిలో ఐదుగురు పిల్లలు గోడవారగా నిలబడ్డారు. తల్లిదండ్రుల్లో ముగ్గురే వచ్చారు. వాళ్ళలో కెజియా తల్లి సామ్రాజ్యం ఉప్పు కొటారు పనిలోంచి అలాగే వచ్చేసింది. చీర మోకాళ్ళ కిందిదాకా ఎత్తి దోపుకుని ఉంది. పాదాల పగుళ్ళలో తెల్లగా ఉప్పు గీతలు కట్టింది. గడప దగ్గర పాదాలు రుద్దుకుని లోపలికి వచ్చింది కానీ అవి పోలేదు.

"మా బిడ్డ ఏం జేసినాది సార్?"

"పరీక్షలో కాపీ కొట్టిందమ్మా."

సామ్రాజ్యానికి ఆ మాట సరిగా అర్థమైనట్టు లేదు. పక్కనున్న హెబ్రోను తండ్రి గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంకొకరిది జూసి రాసినారంట."

"అంటే దొంగతనమా సార్?"

"దొంగతనమే కదా మరి" అన్నారు జీవానందం గారు. ముందే రాయించిన ఐదు కాయితాలు బల్ల మీద సర్దారు. "ఇందులో రాసి ఉంది. సంతకం పెట్టేసి వెళ్ళిపోండి. ఈ ఏడాదికి ట్రస్టు పరీక్షకు పేర్లు పంపం. అంతకు మించి ఏమీ ఉండదు."

హెబ్రోను తండ్రి కొడుకు భుజం మీద చెయ్యి వేసి బల్ల వైపు నెట్టాడు. హెబ్రోను వంగి సంతకం పెట్టాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, ఒకరి వెనక ఒకరు. పెన్ను కెజియా దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది.

"నేను ఎవరిదీ చూడలా సార్. నాకు తెలిసిందే రాసినా."

"ఏం తెలుసు నీకు?"

"ఉప్పు మిశ్రమం అని."

అప్పటిదాకా మాట్లాడని ఎలిశబెతు ముందుకు వచ్చింది. తరగతిలో అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్ల ఇది. అందుకే కోపం ఇంకా ఎక్కువగా ఉంది. "పుస్తకంలో ఏముంది కెజియా?"

"సోడియం క్లోరైడు సమ్మేళనం అని ఉంది టీచర్."

"తెలిసే తప్పు రాశావా?"

"మీరు సోడియం క్లోరైడు అడగలేదు టీచర్. సముద్రపు ఉప్పు అడిగినారు. మా కొటార్లో..."

"నోరు ముయ్!" జీవానందం గారు బల్ల చరిచారు. "టీచరుకే పాఠం చెప్తావా?"

కెజియా ఎలిశబెతు వైపు చూసింది. టీచరు ఏదో ఒకటి అంటుందని ఆ చూపులో ఉంది. ఎలిశబెతు అంది. "ముందు సంతకం పెట్టు. ఎదురు మాట్లాడకు."

సామ్రాజ్యం కూతురి దగ్గరికి నడిచింది. "పెట్టు మే" అంది. "అందరూ పెట్టినారు గదా. పెట్టేసి రా."

"నేను పెట్టను మా."

"పెట్టవా?"

"పెట్టను. నేను చూడలా."

సామ్రాజ్యం చెయ్యి లేచింది. కొడుతుందనే అనుకున్నారు అందరూ. ఆ చేత్తో కూతురి మణికట్టు పట్టుకుంది. "సంతకమూ వద్దు, ఈ సదువూ వద్దు" అంది హెడ్మాస్టరు వైపు చూడకుండానే. "మాకు దొంగతనం జేసి బతికే గతి రాలా సార్. కొటారు ఉండాది, మా చేతులు ఉండాయి." కూతుర్ని లాక్కుని వరండా దిగి ఎండలోకి వెళ్ళిపోయింది. పిల్ల సంచీ తరగతిలోనే ఉండిపోయింది. దాన్ని తర్వాత హెబ్రోను మోసుకెళ్ళాడు.

*

గురువారం ఉదయం ఫోనులో హాజరు వేస్తూ కెజియా పేరు దగ్గర ఎలిశబెతు వేలు ఆగింది. ఏడాది మొత్తం మీద ఆ పేరు పక్కన ఒక్క గైర్హాజరు కూడా లేదు. నొక్కింది.

పాఠం మొదలుపెట్టి ప్రశ్న వేస్తే ఒక్క చెయ్యి లేవలేదు. సంతకాలు పెట్టిన నలుగురూ పుస్తకాల మీదికి వంగి కూర్చున్నారు. మిగతా పిల్లలు వాళ్ళను దొంగచూపులు చూస్తున్నారు. వెనక బల్ల నుంచి ఎవరో "చేదు" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. హెబ్రోను చెవులు ఎర్రబడ్డాయి.

బెల్లు కొట్టాక వాణ్ణి ఆపింది. "హెబ్రోనూ, నిజం చెప్పు. నిన్నేమీ అనను. ఆ చేదు సంగతి నీకెవరు చెప్పారు?"

వాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. "సంతకం పెట్టేసినాం గదా టీచర్" అన్నాడు చివరికి. "ఇంకెందుకు అడగడం."

ఆ మాటలో పొగరు లేదు. అందుకే ఆమెకు ఎక్కడో తగిలింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేసింది. మీరు సోడియం క్లోరైడు అడగలేదు టీచర్. పిల్ల ఆ మాట అంటున్నప్పుడే తన మనసులో ఏదో కదిలింది. అదేమిటో చూసుకోకుండా నోరు మూయించింది. అది ఇప్పుడు బాగా గుర్తొస్తోంది.

మూడు గంటలకు సెలవు రాసిచ్చి, షేర్ ఆటో ఎక్కి కొటారుపాలెం మలుపులో దిగింది. పంతొమ్మిదేళ్ళలో ఇటువైపు రావడం ఇదే మొదటిసారి. కట్ట మీద నడుస్తుంటే రెండువైపులా ఉప్పు మళ్ళు. కళ్ళు తెరవనీయని తెలుపు. గట్టున వరసగా పోసిన ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. గాలిలో బురద వాసన, నాలుక మీద ఉప్పదనం.

సామ్రాజ్యం మడిలో ఉంది. పొడుగాటి కర్రకు పలక బిగించిన దంతెతో, నీళ్ళ అడుగున పేరుకున్న ఉప్పును గట్టు వైపు లాగుతోంది. కింద బురద లేవకూడదు. పలక ఉప్పును మాత్రమే తాకాలి. లాగిన ప్రతిసారీ నీళ్ళ కింద చిన్న గరగర. పక్క మడిలో కెజియా. స్కూలు చున్నీని తలకు చుట్టుకుంది. కాళ్ళకు పాత గుడ్డ పేలికలు కట్టుకుంది. టీచర్ని చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దంతె లాగింది.

"సామ్రాజ్యం" అని పిలిచింది ఎలిశబెతు.

ఆమె పని ఆపలేదు. "ఉప్పు కావాల్నా టీచరమ్మా?"

మడి చివర ఒక ముసలాయన వంగి, పారతో గట్టుకు గండి కొడుతున్నాడు. ఉప్పు తీసేసిన మడిలోంచి చిక్కగా, నూనెలా నీళ్ళు గండిలోంచి కాలవలోకి జారుతున్నాయి. ఆమె ఆయన దగ్గరికి నడిచింది.

"ఆ నీళ్ళు ఎందుకు వదిలేస్తున్నారు? ఇంకా ఎండబెడితే ఇంకా ఉప్పు రాదా?"

ఆయన పేరు ఆదెయ్య. నడుము నిలబెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. "వస్తాది. తినేదానికి పనికిరాదు. అవి చేదునీళ్ళమ్మా."

"చేదునీళ్ళా?"

"సముద్రం నీళ్ళని ముందు ఆ పెద్దమళ్ళకి పెడతాం. ముదిరినాక ఈ చిన్నమళ్ళకి దించుతాం. ముందు ఉప్పు దిగతాది. యెనక చేదు దిగతాది. రెండూ ఆ నీళ్ళల్లోనే ఉండాయి గదా. ఉప్పు దిగినాక, చేదు దిగక ముందర, మధ్యలో మనం గండి కొట్టేయాల. ఒక పూట ఆలస్యమైనా మడి మడంతా చెడిపోతాది."

"ఆ సమయం ఎప్పుడని ఎలా తెలుస్తుంది?"

"నాలిక్కి తెలస్తాది. ఇంకెట్టా." ఆయన కాలవలో వేలు ముంచి నాకి, పక్కకు ఉమ్మాడు. ఎలిశబెతు వంగి తనూ వేలు ముంచింది. ముందు ఉప్పు. ఆ వెంటనే నాలుక వెనకెక్కడో మందుబిళ్ళ నమిలినట్టు వెగటైన చేదు. ఎంత ఉమ్మినా పోలేదు.

"ఎంత జాగ్రత్తగా వదిలినా కొంచెం ఉప్పుకు అంటుకోనే ఉంటాది" అన్నాడు ఆదెయ్య. "అందుకే గదా వానాకాలంలో ఉప్పు చెమరస్తాది. మా పాలెంలో బుడ్డోళ్ళకి కూడా తెలుసు. నడక వచ్చినప్పటి నించీ గట్లెమ్మడే గదా తిరిగేది."

ఎలిశబెతు గట్టు మీద అలాగే నిలబడిపోయింది. ఉప్పు ఎందుకు చెమరుస్తుంది? అందులో మెగ్నీషియం క్లోరైడు మలినంగా కలిసి ఉంటుంది కనుక, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక. ఏటా తనే నల్లబల్ల మీద రాస్తుంది ఆ వాక్యం. ఏటా పిల్లల చేత అప్పజెప్పిస్తుంది. కలిసి ఉంటుంది అని తనే చెబుతూ, మిశ్రమం అని రాసిన పిల్లల్ని పట్టుకెళ్ళి హెడ్మాస్టరు ముందు నిలబెట్టింది.

కెజియా ఉన్న మడి దగ్గరికి వచ్చింది. "ఇదంతా నిన్న ఎందుకు చెప్పలేదు?"

"చెప్తా ఉంటే నోరు ముయ్యమన్నారు." పిల్ల దంతె ఆపకుండానే అంది. "సారూ అన్నారు. మీరూ అన్నారు."

ఎలిశబెతు తల్లి వైపు తిరిగింది.

"రేపు బడికి పంపించు సామ్రాజ్యం" అంది. "నీ కూతురు కాపీ కొట్టలేదు. పొరపాటు నాది."

సామ్రాజ్యం ఇప్పుడు పని ఆపింది. దంతె కర్రను ఆనుకుని నిలబడింది. "నిన్న ఇంటికొచ్చినాక దాన్ని కొట్టినా టీచరమ్మా. వీపు మీద వాతలు తేలేటట్టు కొట్టినా. కొట్టినాక చెప్పింది, ఏం రాసిందో. చెప్పంగానే నాకు అర్థమైపోయింది. ఉప్పులో చేదు లేకపోతే ఇంగ మేం చేసేది ఏం పని?" కాసేపు ఊపిరి తీసుకుంది. "గదిలో ఇంత మంది ముందర దొంగ అన్నారు. ఈడకొచ్చి, ఈ మడిలో, నాకొక్కదానికి కాదంటా ఉండారు. నేను పంపను."

మళ్ళీ గరగరమని పలక కదిలింది. వెళ్ళేముందు ఎలిశబెతు ఆదెయ్యను అడిగి కుప్పలోంచి గుప్పెడు ఉప్పు తీసుకుని రుమాల్లో మూట కట్టుకుంది.

*

శుక్రవారం ప్రార్థన గంటకు ముందే ల్యాబు తలుపు తీసింది. రెండు పరీక్షనాళికల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో ల్యాబు సీసాలోని సోడియం క్లోరైడు, ఇంకోదాంట్లో కొటారు ఉప్పు వేసి కరిగించింది. కొటారు ఉప్పులోని బురద దిగేలా వడగట్టింది. రెండూ మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి. తలుపు దగ్గర భానుప్రియ నిలబడి చూస్తోంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"రా. చూడు" అంది ఎలిశబెతు.

చాకలి సోడా కలిపిన నీళ్ళను మొదటి నాళికలో చుక్కలుగా వేసింది. ఏమీ కాలేదు. రెండో దాంట్లో వేసింది. చుక్క పడిన చోట తెల్లటి పొగలా ఒకటి లేచి, అడుగుదాకా దిగి, నాళిక అంతా బియ్యం కడిగిన నీళ్ళలా మారిపోయింది. శుద్ధమైన ఉప్పయితే తేటగానే ఉండాలి. తెల్లబడిందంటే అందులో ఇంకేదో ఉన్నట్టే.

భానుప్రియ రెండు నాళికలనూ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. "వాళ్ళు ఒకరిది చూసి ఒకరు రాయలేదు మేడం. ఒకే ఊళ్ళో పుట్టారు, అంతే."

"నువ్వు చెప్పావు. నేను వినలేదు."

హెడ్మాస్టరు గదిలో జీవానందం గారు నాళికల వైపు ఒకసారి చూసి పక్కకు జరిపారు. "ఇప్పుడు ఇవన్నీ ఎందుకు మేడం? నలుగురు సంతకాలు పెట్టేశారు. ఐదో పిల్ల మానేసింది. అంతటితో అయిపోయింది కదా."

"వాళ్ళు రాసింది ఒప్పు సార్."

"పుస్తకంలో లేనిది ఒప్పెలా అవుతుంది?"

"పుస్తకంలో తప్పు లేదు. అందులో ఉన్నది సోడియం క్లోరైడు. నేను అడిగింది సముద్రపు ఉప్పు. తప్పు నా కీలో ఉంది. దాన్ని పట్టుకుని పిల్లల మీద దొంగతనం వేశాను. అది ఇంకా పెద్ద తప్పు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు. "హెడ్మాస్టరు ప్రమోషన్ల జాబితాలో మీ పేరుంది. నాకు తెలుసు, మీకూ తెలుసు. ఈ నెలలో మీ చేత్తో మీరే ఇలాంటిది రాసిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పోనీ, ఆ ప్రశ్న రద్దు చేద్దాం. అందరికీ ఆ మార్కులు తీసేద్దాం. కాపీ అన్న మాట మనం ఎత్తొద్దు."

"మరి ఆ నాలుగు కాయితాలు?"

"నా సొరుగులో ఉంటాయి. ఎవరు చూస్తారు?"

ఆమె జవాబు చెప్పేలోపే బయట కారు ఆగింది. సుశీల్ కుమార్ గారు ల్యాప్‌టాప్ సంచీతో లోపలికి వచ్చారు. సాయంత్రానికి ఇంకా మూడు బళ్ళు తిరగాలని, పేర్ల జాబితా ఇస్తే వెళ్ళిపోతానని నిలబడే అన్నారు. జీవానందం గారు కవరు అందించారు. అది ఆయన సంచీలోకి వెళ్తుండగా ఎలిశబెతు అంది. "అందులో ఐదు పేర్లు లేవు సార్. ఉండాలి."

ఆమె నాళికలను ఆయన ముందుకు జరిపింది. మొదట్నుంచీ చెప్పింది, ఏదీ దాచకుండా. ప్రశ్న, కీ, పేపర్లు, ఈ గదిలో నిలబెట్టడం, కొటారు, ఆదెయ్య నాలిక. చెబుతున్నంతసేపూ జీవానందం గారు కిటికీలోంచి బయటికే చూశారు. సుశీల్ కుమార్ గారు సంచీ కింద పెట్టి కూర్చున్నారు. తెల్లబడిన నాళికను వేళ్ళతో మెల్లగా తిప్పారు.

"ఈ ప్రశ్న మేము ఇంకో ఏడు బళ్ళలో కూడా వాడాం" అన్నారు నెమ్మదిగా. "మీరు ముందుగా మాకు పంపిన పేపరు, కీ బాగున్నాయని అక్కడికీ పంపించాం. అక్కడ కూడా ఇలా రాసిన పిల్లలున్నారేమో."

ఆ సంగతి ఎలిశబెతుకు తెలియదు.

"మీరు రాసివ్వాలి మేడం. కీ తప్పని, ఈ పిల్లల మీద ఆరోపణ తప్పని. అన్ని బళ్ళకీ పంపి ఆ జవాబులు మళ్ళీ దిద్దిస్తాం. అందరూ చదువుతారు. మీ పేరు దాచిపెట్టడం నా చేతిలో ఉండదు."

"ఎంతవరకు రాయమంటారు?"

"జరిగినంత."

ఆమె కూర్చుని రాసింది. పేజీన్నర వచ్చింది. ఒకచోట "పొరపాటున" అని రాసి, కొట్టేసి, "విచారించకుండా" అని రాసింది. సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చింది. ఐదు పేర్లూ జాబితా కింద చేర్చారు. పై వారం ఆదివారం నెల్లూరులో రెండో పరీక్ష. అందులో నెగ్గుతారో లేదో ఎవరికీ తెలియదు.

కారు వెళ్ళిపోయాక ఆమె జీవానందం గారి ముందు చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి చూశారు. తర్వాత సొరుగు లాగి నాలుగు కాయితాలూ తీసి బల్ల మీద పెట్టారు.

చివరి పీరియడులో ఎవరిది వాళ్ళకు ఇచ్చేసింది. ఆడపిల్లలిద్దరూ అక్కడికక్కడే చింపేశారు. హెబ్రోను మాత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మా నాయనకి చూపియ్యాల" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "కెజియాకి ఎవరు చెప్తారు టీచర్?" అన్నాడు.

"రేపు ప్రార్థనలో అందరి ముందూ చెబుతాను. వాళ్ళమ్మను రమ్మను."

*

శనివారం ప్రార్థన అయ్యాక ఎలిశబెతు మైకు దగ్గరికి వెళ్ళింది. జీవానందం గారు గదిలోంచి బయటికి రాలేదు. వద్దని కూడా అనలేదు. ఆమె కళ్ళు గేటు వైపే ఉన్నాయి. సామ్రాజ్యం లేదు, కెజియా లేదు. ఎండలో నిలబెట్టిన పిల్లలు కాళ్ళు మార్చుకుంటున్నారు. ఇంక ఆగడానికి లేదు.

చెప్పింది. ఐదుగురి పేర్లూ చదివి, వాళ్ళు రాసింది సరైనదని, వాళ్ళు కాపీ కొట్టలేదని, తప్పు తనదని చెప్పింది. మైకు మధ్యలో కీచుమంది. ఆరో తరగతి చిన్నపిల్లలు దానికి నవ్వారు. పెద్దపిల్లలు మాత్రం కదలకుండా విన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భానుప్రియ ఒక్కసారి తలూపింది. వరసలు తరగతుల్లోకి కదిలాయి.

మొదటి పీరియడు తొమ్మిదో తరగతి. మొదటి బల్లలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఎలిశబెతు సుద్దముక్క తీసుకుని తేదీ వేసింది. పాఠం పేరు రాసింది. రెండో వాక్యం చెబుతుండగా పిల్లల తలలన్నీ ఒకేసారి తలుపు వైపు తిరిగాయి.

వరండాలో సామ్రాజ్యం నిలబడి ఉంది. గబగబా నడిచి వచ్చినట్టుంది, రొప్పుతోంది. చీర కుచ్చిళ్ళ దాకా తడి. గండి కొట్టిన మడి విడిచి మధ్యలో రాలేకపోయిందని చూస్తేనే తెలుస్తోంది.

"మైకులో చెప్పినారంట" అంది.

"చెప్పాను సామ్రాజ్యం. నీకోసం చూశాను."

"నేను అందుకోలా. నేను వినలా." ఊపిరి ఆడడానికి ఒక చెయ్యి తలుపుకు ఆనించింది. "మళ్ళీ చెప్పండి."

మైకులో అంత కష్టం కాలేదు. నాలుగువందల మందికి చెప్పడం అంటే ఎవరికీ చెప్పనట్టే. ఇప్పుడు ఎదురుగా ఒక్క ముఖం, ఆ ముఖంలో రెండు కళ్ళు, అవి ఆమె మీదనుంచి కదలడం లేదు. వెనక ముప్పైమంది పిల్లలు కూర్చున్నారు. ఎలిశబెతు సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"నీ కూతురు కెజియా పరీక్షలో ఎవరిదీ చూసి రాయలేదు."

"దొంగతనం?"

"చెయ్యలేదు. చేసిందని నేనే అన్నాను. అది అబద్ధం."

"అది రాసింది?"

"సరైంది. నాకు తెలియాల్సింది నాకు తెలియలేదు. తను చెప్పబోతే చెప్పనివ్వలేదు, నేనూ వినలేదు. నిన్ను పిలిపించి అంతమందిలో ఆ మాట పడేలా చేశాను. క్షమించు."

సామ్రాజ్యం ఆ మాటలన్నీ ఒక్కొక్కటే లోపలికి తీసుకుంటున్నట్టు చాలాసేపు నిలబడింది. ఆమె ముఖంలో కోపం తగ్గిందో లేదో ఎలిశబెతుకు తెలియలేదు.

"సరే" అంది చివరికి. అంతే. పక్కకు తిరిగి, గోడ చాటుకు చూసి, "మే, రా" అని పిలిచింది.

కెజియా గోడ వెనకనుంచి వచ్చింది. యూనిఫాం వేసుకుని, తల దువ్వుకుని, సంచీ భుజాన వేసుకుని ఉంది. అరచేతుల్లో దంతె కర్ర పొక్కులు. తల్లి ఆ పిల్ల వీపు మీద, వాతలు తేలిన చోట తగలకుండా కొంచెం పైన, చెయ్యి పెట్టి ముందుకు నెట్టింది. తర్వాత ఆగలేదు. వరండా దిగి గేటు వైపు వెళ్ళిపోయింది.

కెజియా గడప ముందు నిలబడింది. "లోపలికి రావచ్చునా టీచర్?"

ఎలిశబెతు తల ఊపింది.

పిల్ల కదల్లేదు. టీచరు ముఖంలోకే చూస్తూ అక్కడే నిలబడింది. తరగతి అంతా ఎదురు చూసింది.

"రా కెజియా" అంది ఎలిశబెతు, అందరికీ వినబడేలా.

అప్పుడు లోపలికి వచ్చింది.